పర్చేజ్ మేడమ్ సంతకం

మొన్న పొద్దున కోదాడ నుంచి పట్టాలాయన ఫోన్ చేశాడు. పట్టాలంటే టార్పాలిన్లు, వడ్ల రాశుల మీద కప్పే పరదాలు. అవి తయారుచేసి అమ్ముతాడు కాబట్టి ఆయన నాకు ఎప్పటికీ పట్టాలాయనే. ఫోన్ చేస్తే ముందు ఎండల గురించి రెండు మాటలు మాట్లాడందే అసలు సంగతికి రాడు. ఆ రోజు ఎండల ఊసే ఎత్తలేదు.

"సార్, మీ పాత పర్చేజ్ మేడమ్ పోయారంటండీ. సూర్యాపేటలోనే. మీకు తెలిసిందా?"

నాకు తెలియలేదు. ఆమె ఇల్లు ఇప్పుడు నేను కూర్చునే సూర్యాపేట ఆఫీసుకు కూతవేటు దూరం. అయినా ఆ కబురు కోదాడ తిరిగి నా దగ్గరికి వచ్చింది. ఆ సమయానికి నేను కంప్యూటర్లో ఒక కొత్త సప్లయర్ వివరాలు ఎక్కిస్తున్నాను. ఇప్పుడు ఇదంతా సులువు. టీ చల్లారేలోపు పని అయిపోతుంది. ఫోన్ పెట్టేసి ఆ తెర వంకే చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆమె మీద నాకు మొదటినుంచీ ఉన్నది కోపమే. మనిషి పోయినంత మాత్రాన అది ఎటు పోతుంది?

అప్పట్లో నేను ఉన్నది మిర్యాలగూడలో, మా కంపెనీ బియ్యం మిల్లులో. నా పని కొత్త సప్లయర్లను వెతికి తేవడం. సంచులు, బెల్టులు, రబ్బరు రోలర్లు, హమాలీలకు బూట్లు, క్యాంటీన్‌కు వంటవాళ్ళు, ఏది కావాలన్నా మనిషిని నేను పట్టుకురావాలి, పర్చేజ్ సెక్షన్ ఒప్పుకోవాలి. పర్చేజ్ సెక్షన్ అంటే మేడమే. ఆమె ఫారం మీద సంతకం పెడితే కంపెనీ ఆ సప్లయర్‌కు ఒక నంబర్ ఇస్తుంది. దాన్ని వెండర్ కోడ్ అంటారు. కోడ్ లేనివాడి సరుకు గేటు దాటి లోపలికి రాకూడదు. కోడ్ వచ్చేదాకా అది కంపెనీ సరుకు కాదు, తెచ్చినవాడి సరుకే. ఇది మా జీఎం సారు స్వయంగా పెట్టించిన రూలు.

ఆమె ఎత్తు తక్కువ, అడుగు వేగం. చీర కొంగు ఎప్పుడూ నడుముకు బిగించి ఉండేది. నోట్లో లవంగం. ఎవరైనా విజిటింగ్ కార్డు ఇస్తే అటు తిప్పి, బోర్లా పెట్టేది. "పేరు తర్వాత సూస్త. ముందుగాల సరుకు సూపియ్యి" అనేది. ఇచ్చినవాడి ముఖం మాడిపోయేది. వాడిని హైదరాబాద్ నుంచి బతిమాలి పిలిపించిన నా ముఖం అంతకన్నా ఎక్కువ మాడేది.

ఎవరినీ కాదనేది కాదు. "సూద్దాం" అనేది. ఆ సూద్దాంలో రకాలున్నాయి. లవంగం కొరుకుతూ అంటే ఆశ ఉన్నట్టు. లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చి అంటే నెల తర్వాత రమ్మన్నట్టు. లవంగం తీసి డస్ట్‌బిన్‌లో వేసి అంటే ఇక ఆ మనిషి బస్సెక్కవచ్చు. ఇదంతా నేర్చుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

సప్లయర్ దగ్గరికి వెళ్ళి చూడటాన్ని ఆమె పెండ్లిచూపులు అనేది. "పెండ్లిసూపులకు పోతున్నమని జెప్తే ఇల్లు ఊడ్సి, ముగ్గేసి, పిల్లకు పౌడర్ రాస్తరు. ఊడ్వని నాడు వోవాలె." అందుకని చెప్పకుండా వెళ్ళేది. చెప్పకుండా వెళ్ళినచోట గేటు దగ్గర తిట్లు తినేది ఎవరు? నేను.

క్యాంటీన్‌కు కొత్త వంటాయన్ను తెచ్చినప్పుడు జీఎం సారు, అకౌంట్స్ వాళ్ళు, నేను ముందుగా కూర్చుని లొట్టలేసుకుంటూ తిన్నాం. ఆమె రాలేదు. హమాలీలు తిని, డ్రైవర్లు తిని, చివరికి ఊడ్చేవాళ్ళు తిన్నాక వచ్చి, గిన్నె అడుగున ఉన్నది పెట్టించుకుంది. "ముందు ప్లేటు అందరు మంచిగనే పెడ్తరయ్యా" అంది. అడుగంటిన పప్పు. వంటాయనకు ఆ రోజు సంతకం పడలేదు. పప్పు మార్చుకుని మళ్ళీ వచ్చాకే పడింది.

హమాలీల బూట్ల విషయంలో ఇంకా విడ్డూరం. శాంపిల్ బూట్లు తానే తొడుక్కుని, చీర కింద కిర్రు కిర్రుమనిపించుకుంటూ రోజంతా ఆఫీసులో తిరిగింది. మీటింగ్‌కూ అలాగే వచ్చింది. జీఎం సారు నవ్వాపుకోలేక బయటికి వెళ్ళాడు. సాయంత్రానికి మడమ బొబ్బలెక్కింది. దాన్ని ఫొటో తీయించి సప్లయర్‌కు పంపి, "గీ బొబ్బ మీదే, సూస్కోండ్రి" అని ఫోన్ చేసి చెప్పింది.

ఆమె లెక్క ప్రతిసారీ సరిపోయిందని మాత్రం అనను. సూర్యాపేటలో సంచుల మీద అచ్చువేసే ఒకాయన్ను ఎంత కష్టపడి ఒప్పించి తెచ్చానో! ఆఫీసులో ఆయన ఇచ్చిన మంచినీళ్ళు చప్పగా ఉండి, తుప్పు వాసన వేశాయని వద్దంది. "ఇంటికొచ్చినోళ్ళకు గివేనా నీళ్ళు?" అంది. నీళ్ళకూ అచ్చుకూ సంబంధం ఏమిటని అరిచాను. పక్క మిల్లువాళ్ళు ఆయన్ను పట్టుకున్నారు. వాళ్ళ సంచులు చూస్తే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. ఆ మాట ఆమెకు చెబితే, "కానియ్. ఆ నీళ్ళు గుడ ఆళ్ళే తాగుతరు" అంది. ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం?

యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో మా మిల్లు ముందు చూడాలి. గేటు బయట ఖాళీ జాగాలో రాశులు, వాటి వెనక ట్రాక్టర్లు. రైతు వడ్లు పోసుకుని కాంటా కోసం, అంటే తూకం కోసం, ఎదురుచూస్తాడు. కాంటా అయ్యేదాకా అవి రైతు వడ్లు. తడిసినా, మొలకెత్తినా, పందులు తిన్నా నష్టం రైతుదే. కాంటా దిగిన క్షణం నుంచి మిల్లువి. ఇది ఎక్కడా రాసి ఉండదు, అందరికీ తెలుసు.

పర్చేజ్ సెక్షన్ కిటికీ ఆ జాగా వైపే ఉంటుంది. ఒక యేడు గరిడేపల్లి నుంచి ఒక ఆడమనిషి రాశి పోసుకుని కాపలా కూర్చుంది. కౌలు పొలం. భర్త దవాఖానలో ఉన్నాడని పక్కవాళ్ళు చెప్పారు. ఆమెకున్న పంటంతా ఆ రాశే. కిటికీ దగ్గరికి వచ్చి మేడమ్‌నే అడిగేది.

"అమ్మా, మాయి ఎప్పుడు జోకుతరు?"

"వడ్ల సంగతి నాది గాదమ్మా. నేను సంచులు, బోల్టులు కొంట. ఆ పక్క రూముల అడుగు."

"ఆ పక్క రూమోళ్ళు నీ దిక్కు సూపెడుతున్నరు."

మేడమ్ కిటికీ రెక్క వేసేది. కాసేపటికి ఉక్కపోస్తుందని మళ్ళీ తీసేది.

ఇలా ఉండగా ఒక పొద్దున అందరి ఫోన్లలోనూ వాన హెచ్చరిక వచ్చింది. సాయంత్రానికి ఈదురుగాలులు, భారీ వర్షం. మిల్లు ఆవరణలో ఆరుబయట దిమ్మె మీద కంపెనీ కొన్న వడ్ల సంచులు నెట్టుగా పేర్చి ఉన్నాయి. వాటి మీద ఉన్నవి చిరుగుల పాత పట్టాలు. పాత సప్లయర్‌కు ఫోన్ చేస్తే సరుకు లేదన్నాడు. జిల్లాలో ప్రతి మిల్లువాడూ ఆ పూట అదే వెతుకుతున్నాడు. నేను కాలు కాలిన పిల్లిలా తిరిగి, ఫోన్ల మీద ఫోన్లు చేసి, కోదాడలో ఈ పట్టాలాయన్ను పట్టాను. కొత్తగా షెడ్డు పెట్టాడు. పట్టాలు సిద్ధంగా ఉన్నాయన్నాడు. ఫారం నింపి మేడమ్ బల్ల మీద పెట్టాను.

"సంతకం పెట్టండి మేడమ్. బండి బయల్దేరమంటాను."

ఆమె లవంగం బుగ్గ మార్చింది.

"పోదాం పా" అంది.

"ఎక్కడికి?"

"కోదాడకు. పెండ్లిసూపులకు."

నేను అరిచాను. ఆఫీసంతా విన్నది. మబ్బు పడుతుంటే పెళ్ళిచూపులేమిటన్నాను. పోయి వచ్చేసరికి వాన వచ్చేస్తుందన్నాను. ఆమె అప్పటికే చెప్పులు తొడుక్కుంది. వెళుతూ వెళుతూ కిటికీలోంచి బయటికి ఒకసారి చూసింది. గరిడేపల్లి ఆడమనిషి రాశి మీద పాత చీరలు పరిచి, అంచుల మీద రాళ్ళు పెడుతోంది.

దారి పొడుగునా జీఎం సారు ఫోన్లు. బండి నడిపేది నేను, తిట్లు తినేది నేను. ఆమె ఫోన్ మాత్రం చేతిసంచిలో మోగి మోగి ఆగిపోయేది. హుజూర్‌నగర్ దాటేసరికి ఎండ పచ్చగా మారింది. గాలి లేదు. అలా గాలి ఆగితే వాన ఎంత గట్టిగా పడుతుందో మా వైపు వాళ్ళందరికీ తెలుసు.

కోదాడలో పట్టాలాయన కంగారుపడ్డాడు. "రండి మేడమ్, కూర్చోండి. కూల్ డ్రింక్ తెప్పిస్తాను. ముందే చెప్పుంటే శుభ్రం చేయించేవాణ్ణి కదండీ."

"అందుకే జెప్పలే. నీ దగ్గర అన్నిటికంటే కింద ఉన్న పట్టా తియ్యి."

తీశారు. నాలుగు మూలలా పైపులకు కట్టమంది. కట్టారు. ప్లాస్టిక్ స్టూలు ఒకటి లాక్కుని వెళ్ళి ఆ పట్టా కింద కూర్చుంది.

"ఇగ పొయ్యుండ్రి నీళ్ళు."

పట్టాలాయన నా వంక చూశాడు. మోటారు వేసి పైపుతో పట్టా మీదికి నీళ్ళు వదిలారు. నీళ్ళు నడిమధ్య గుంట కట్టాయి. పట్టా బరువుతో కిందికి సాగింది. ఆమె కదలలేదు. నేను ఆకాశం వైపు చూస్తున్నాను. అటు ఆగ్నేయాన నల్లగా లేస్తోంది. కాసేపటికి ఆమె మెడ తడుముకుని, అరచేయి చాపి చూపించింది. తడి. రెండు షీట్లు కలిపిన అతుకు దగ్గర చుక్క చుక్కగా కారుతోంది.

"ఆ ఒక్కటేనండి, మేడమ్. మిగిలినవి బాగుంటాయి" అన్నాడు పట్టాలాయన.

"కిందిది గిట్లుంటే మీదియి నేనెట్ల నమ్ముత?"

ఇక నేను ఆగలేకపోయాను. "కారితే కారనివ్వండి మేడమ్. అసలు లేనిదానికన్నా నయం కదా! అక్కడ చీరలు కప్పుకుని కూర్చున్నారు మనుషులు."

"పట్టా ఉన్నదని ధైర్యం జేసి పండుకుంటరయ్యా. అడుగున నాని ముక్కిపోయినంక తెలుస్తది. చీర గప్పినోళ్ళు పండుకోరు, కావలుంటరు."

నేను ఒప్పుకోలేదు. పట్టాలాయన పనివాళ్ళను పిలిచి, వేడి మిషన్‌తో అతుకులన్నీ మళ్ళీ వేయించాడు. ఆమె ప్రతి అతుకు దగ్గరా నిలబడింది. మళ్ళీ ఒకదాన్ని కట్టించి, మళ్ళీ కింద కూర్చుంది. ఈసారి కారలేదు. అప్పటికి మధ్యాహ్నం దాటిపోయింది. నేను ఫారం, పెన్ను ఆమె ముందు పెట్టాను. ఆమె వాటిని ముట్టుకోలేదు.

"ఇంకేం కావాలి మేడమ్?" అన్నాను, పళ్ళు నూరుతూ.

"నీళ్ళు గావు, వాన సూడాలె" అని పట్టాలాయన వైపు తిరిగింది. "సూడయ్యా, నా సంతకం వడేదాక ఇవి నీ పట్టాలే. చినిగినా, పోయినా నీయే. ఇష్టమైతే ఎక్కియ్యి, లేకుంటే లేదు."

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. "ఎక్కిస్తాను మేడమ్. నా సరుకు మీద నాకు నమ్మకముంది" అన్నాడు. తడిసిన ఆమె తల చూసి, తువ్వాలు తెచ్చి ఇచ్చాడు.

తిరుగుదారిలో గరిడేపల్లి దగ్గర గాలి అందుకుంది. రోడ్డు పక్క జనం గోనెసంచులు, చీరలు, దుప్పట్లు, ఏది దొరికితే అది రాశుల మీదికి లాగుతున్నారు. మా వెనక పట్టాల వ్యాను. నేను కోపంతో హారన్ కొడుతూ నడిపాను. పొద్దున సంతకం పెట్టి ఉంటే ఈపాటికి అన్నీ కప్పేసి ఉండేవాళ్ళం అన్నదొక్కటే నా తలలో తిరుగుతోంది.

మిల్లు చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. జీఎం సారు గొడుగు వేసుకుని గేటు దగ్గరే ఉన్నాడు. వాచ్‌మన్ అలవాటు ప్రకారం వ్యాను ఆపి, "కోడ్ చెప్పుండ్రి సార్" అన్నాడు.

"కోడ్ లేదు, ఏం లేదు. లోపలికి పంపు" అన్నాడు జీఎం సారు.

మేడమ్ కారు దిగింది. "కోడ్ లేని బండి లోపలికి పోవద్దని మీరే గద సార్ రూలు వెట్టింది" అని, అక్కడే వానలో నిలబడి పట్టాలాయనకు ఫోన్ కలిపింది. స్పీకర్ పెట్టింది. "నీ పట్టాలు ఈడ గేటు బయట రైతుల రాశుల మీద గప్పిస్త. సమ్మతమేనా?"

"అవి మీకోసం పంపాను మేడమ్. మీ ఇష్టం" అంది అటునుంచి గొంతు.

ఆమె కోదాడలో సంతకం ఎందుకు పెట్టలేదో అప్పుడు అర్థమైంది నాకు. జీఎం సారుకూ అర్థమైంది. అయితే ఆయన నోరు తెరిచేలోపే హమాలీలు వ్యాను మీదికి ఎక్కారు. రైతులు పరుగెత్తుకొచ్చారు. గాలికి పట్టాలు చేతుల్లోంచి ఎగిరిపోతుంటే మూలకు ముగ్గురు పట్టుకుని లాగాం. నేను కూడా బురదలో మోకాళ్ళ మీద కూర్చుని తాడు కట్టాను. పారలతో రాశుల చుట్టూ కాలువలు తీశారు. గరిడేపల్లి ఆడమనిషి రాశి మీద పట్టా పడేసరికి వాన కుండపోతగా అందుకుంది. ఆమె అంచు మీద కూర్చుని, పట్టా బిగబట్టి, మేడమ్‌ను చూసి అరిచింది.

"ఇప్పుడా అమ్మా తెచ్చేది? ఒక అంచంతా తడిసె!"

మేడమ్ వెళ్ళి ఆ రెండో అంచు మీద కూర్చుంది.

లోపల దిమ్మె మీద కంపెనీ సంచులు పాత పట్టాల చిరుగుల్లోంచి తడిశాయి. ఆ సంచులు తడిసినందుకే ఆమెను తర్వాత సూర్యాపేట గోదాముకు మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే లోడులు చూసింది.

మర్నాడు పొద్దున మాత్రం ఇంకా ఆ కుర్చీలోనే ఉంది. వాన నిలిచింది. కొత్త అతుకు ఏదీ కారలేదు. పొద్దున్నుంచే కాంటాలు మొదలయ్యాయి. మధ్యాహ్నం మళ్ళీ వాన అని ఫోన్లు చెప్పాయి. జీఎం సారు ఫారం పట్టుకుని పర్చేజ్ సెక్షన్‌లోకి వచ్చాడు.

"కంపెనీ సంచులు తడుస్తుంటే పట్టాలు బయటోళ్ళకు కప్పుతవా?"

"కంపెనీ పట్టాలు గావు సార్. కాంటా గాని వడ్లు మనయి గాదంటం గద. సంతకం గాని పట్టాలు గుడ మనయి గావు."

"అయితే ఇప్పుడే పెట్టు సంతకం. రాత్రి వాన చూసినవ్ కదా, ఇంకేం చూస్తవ్? ఇక్కడే, నా ముందర పెట్టు. పెట్టినంక అవన్నీ విప్పించి లోపలికి తెప్పిస్త."

ఇక ఆమెకు చెప్పడానికి కారణం మిగల్లేదు. పెన్ను తీసుకుంది. కిటికీ తెరిచే ఉంది. బయట రాశులన్నీ అయిపోయాయి, చివరన గరిడేపల్లి ఆడమనిషిది తప్ప. ఆమె వడ్లు అప్పుడే సంచుల్లోకి ఎత్తుతున్నారు. సగం రాశి ఇంకా పట్టా కిందే ఉంది. మబ్బు మిల్లు పొగగొట్టం దాకా దిగింది. మేడమ్ ఫారం ముందుకు లాక్కుని తల వంచింది. పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసింది.

ఆ బల్ల ముందు నిలబడి తొందరగా పెట్టమని ఎన్నిసార్లు బతిమాలానో, ఎన్నిసార్లు అరిచానో నాకే తెలియదు. జీఎం సారు నా పక్కనే ఉన్నాడు. నా గొంతు నాకే వినిపించింది.

"పెట్టకండి మేడమ్."

జీఎం సారు నా వైపు తిరిగాడు. ఏం తిట్టాడో నాకు గుర్తులేదు. చాలాసేపే తిట్టాడు. అంతసేపూ ఆమె పెన్ను కాగితానికి తగలకుండా పట్టుకుని, కిటికీలోంచి కాంటానే చూసింది. గరిడేపల్లి వడ్ల చివరి సంచి కాంటా మీది నుంచి దిగింది. ఆమె సంతకం పెట్టింది.